కాటుక చుక్కల దీవులు

ఏ వ్రతానికి పీట మీద కూర్చున్నా పురోహితుడు ముందుగా మనచేత సంకల్పం చెప్పిస్తాడు. ఫలానా కాలంలో, ఫలానా చోట, ఫలానా గోత్రం వాడిని అని దేవుడికి మనం ఇచ్చుకొనే చిరునామా అది. ఆ చిరునామాలో మొదటి మెట్టు జంబూద్వీపం. సముద్రానికి వందల మైళ్ళ దూరాన, ఈ దోమలగూడలో కూర్చుని, "ద్వీపంలో ఉన్నాను" అని చెప్పడమేమిటని బడికి వెళ్ళే కుర్రవాడు అడిగితే, తాతగారు సాధారణంగా "ముందు అక్షింతలు వెయ్యరా" అని మాట దాటేస్తారు. కాని ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది. ఆ జవాబు వెంట నడిచివెళితే చివరకు మనవాళ్ళే కాపురమున్న ఒక దీవిలో తేలుతాము.

ద్వీపమంటే రెండు వైపులా నీరున్నది అని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. 'ద్వి' అంటే రెండు, 'అప్' అంటే నీరు. ఆ మాటే నలిగి నలిగి మన నోట దీవి అయింది. ఇది కాక మనకు అచ్చంగా లంక ఉండనే ఉన్నది. గోదావరి పాయల నడుమ మేట వేసిన ఇసుక మీద, ఒండ్రు మీద పొగాకు, అరటి, కూరగాయలు పండించే రైతును అడిగితే దీవి ఎలా పుడుతుందో భూగోళం మేష్టారి కంటే బాగా చెబుతాడు. "ఏరు తెచ్చిపెట్టింది, ఏరే పట్టుకుపోతుంది" అంటాడు. కృష్ణ రెండు పాయలై సముద్రంలో కలిసేచోట దివిసీమ ఏర్పడింది. గోదావరి పాయల మధ్య కోనసీమ ఏర్పడింది. ఇవన్నీ నీరు పెట్టిన భిక్ష.

నిప్పు పెట్టిన భిక్ష కూడా ఒకటున్నది. అదే మారిషస్.

హిందూ మహాసముద్రంలో, మడగాస్కరుకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో, మన కన్యాకుమారికి నైరుతిగా నాలుగు వేల కిలోమీటర్లకు కొంచెం తక్కువలో ఉన్నది ఆ దేశం. ప్రధానమైన దీవి, తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్, ఇంకా కొన్ని చిన్న దీవులు, అన్నీ కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు. అంటే ఎనిమిది వందల చదరపు మైళ్ళకు కొంచెం తక్కువ. మన పాత జిల్లాల్లో ఒక మూల ఇమిడిపోతుంది. జనాభా పన్నెండున్నర లక్షల చిల్లర. హైదరాబాదు నగరంలో కొన్ని పేటలు కలిపితే అంతకు మించిపోతారు. ఐనా అది ఒక స్వతంత్ర దేశం. దానికొక జెండా, ఒక శాసనసభ ఉన్నాయి. మనకు అన్నిటికంటే ముచ్చట గొలిపేదేమిటంటే, అక్కడ ఉగాదికి ప్రభుత్వం సెలవు ఇస్తుంది.

ఆ నేల ఎలా పుట్టిందో చెప్పాలంటే ముందు మన ఇళ్ళలో అమ్మమ్మలు కాటుక పట్టే పద్ధతి గుర్తు చేసుకోవాలి. ఆముదపు దీపం వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్ళెం బోర్లిస్తారు. పళ్ళెం కదలకుండా ఉంటే ఒక్కచోటే మసి పేరుకుంటుంది. అల్లరి పిల్ల ఒకతి ఆ పళ్ళేన్ని నెమ్మదిగా పక్కకు లాగుతూ, మధ్యమధ్య ఆగుతూ పోయిందనుకోండి. దీపం ఉన్నచోటే ఉంటుంది. పళ్ళెం మీద మాత్రం వరుసగా కాటుక చుక్కలు పడతాయి. అన్నిటికంటే దూరంగా జరిగిపోయిన చుక్క అన్నిటికంటే పాతది. దీపం మీద ఉన్నది కొత్తది.

భూమి లోపల అటువంటి దీపాలు కొన్ని ఉన్నాయి. ఎంతో లోతు నుంచి వేడి పైకి పొంగివచ్చే చోట్లు అవి. శాస్త్రజ్ఞులు హాట్‌స్పాట్ అంటారు. వాటిపైన నేల, సముద్రగర్భం అన్నీ పెద్ద పెద్ద పలకలుగా ఉండి, మన గోళ్ళు పెరిగినంత మెల్లగా జరుగుతూ ఉంటాయి. పలక జరుగుతుంటే కింది దీపం దానిమీద చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలే అగ్నిపర్వతాలు. సముద్రం మీదికి తల ఎత్తితే అవే దీవులు.

మన కథలోని దీపం ఇప్పుడు రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి కింద వెలుగుతున్నది. మారిషస్‌కు నైరుతిగా సుమారు 200 కిలోమీటర్లలో ఉన్న ఆ దీవిలో పితోన్ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం నేటికీ తరచుగా లావా కక్కుతూనే ఉంటుంది. దానికి ముందు పడిన చుక్క మారిషస్. దాని వయస్సు సుమారు 80, 90 లక్షల ఏళ్ళు. అంతకు ముందరివి ఇంకా ఉత్తరాన ఉన్నాయి. చాగోస్ దీవులు, మాల్దీవులు, లక్షద్వీపాల పునాదులు, అన్నీ ఆ దీపం పెట్టిన చుక్కలే. మధ్యలో సముద్రగర్భం ఒకచోట చిట్లి కొత్త అంచు ఏర్పడటం వల్ల మారిషస్, రీయూనియన్‌లు ఆఫ్రికా పలక మీద మిగిలాయి. మిగిలినవి మన పలకతో ఉత్తరానికి వచ్చేశాయి.

మరి మొట్టమొదటి పెద్ద మసి ఎక్కడ పడింది? మన దక్కను మీద!

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట, మన దేశపు పలక ఆ దీపం మీదుగా సాగిపోతున్నప్పుడు భూమి నెర్రెలిచ్చి లావా వరదలై పారింది. పొర మీద పొర పేరుకున్నది. కొట్టుకుపోయింది పోగా నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి మిగిలి ఉన్నది. పశ్చిమ కనుమలలో దాని మందం కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎల్లోరాలో కైలాసాలయం తొలిచినది ఆ రాతిలోనే. అజంతా గుహలూ అందులోనివే. మహారాష్ట్రలోను, మన తెలంగాణ పడమటి జిల్లాల్లోను పత్తి పండే నల్లరేగడి ఆ రాయి కుళ్ళి మెత్తబడిన మన్నే.

దోమలగూడ, అశోక్‌నగర్, నారాయణగూడ ఉన్న నేల మాత్రం ఇది కాదు. మన ఊరి బండలు గ్రానైటువి. 250 కోట్ల ఏళ్ళ నాటి ముసలివి. ఇక్కడినుంచి పడమటగా వికారాబాదు దాకా రైలెక్కి వెళ్ళండి. దారిలో ఎక్కడో బండలు మాయమై, మన్ను రంగు మారుతుంది. అనంతగిరి కొండల దగ్గర లావా రాయి, అది మాగి ఎర్రబడిన తుప్పురాయి కనిపిస్తాయి. మన మూసీ పుట్టేది అక్కడే. అంటే మూసీ నిప్పు పరచిన నేల మీద పుట్టి, ముసలి గ్రానైటు మీదుగా నగరంలోకి వస్తుందన్నమాట. అటు రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఒక ఒడ్డున కాతేరు, కడియం, రెండో ఒడ్డున పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో కూడా ఇదే ఈడు లావా రాయి ఉన్నది. పడమట పొంగిన లావా పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండు లావా పొరల మధ్య నీటి జీవుల గవ్వలు శిలలై దొరుకుతాయి. రెండు పొంగుల నడుమ కొంతకాలం నిప్పు చల్లారిందనీ, అక్కడ నీళ్ళు నిలిచి జీవాలు బతికాయనీ వాటివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు జవాబు. ఆ లావా పారిన కాలంలో మన దేశం ఏ ఖండానికీ అంటుకుని లేదు. అంతకు రెండు కోట్ల ఏళ్ళ ముందే మడగాస్కరు నుంచి విడిపోయింది. ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపడానికి ఇంకా ఒక కోటిన్నర ఏళ్ళ వ్యవధి ఉన్నది. నాలుగు వైపులా నీటితో, ఏడాదికి పదిహేను సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి పరుగెత్తుతున్న పెద్ద ద్వీపం మన దేశం! పురాణకర్తలు జంబూద్వీపమన్నప్పుడు వారి లెక్క వేరు, వారి భూగోళం వేరు. ఈ సంగతి వారికి తెలుసునని నేను అనడం లేదు. కాని సంకల్పంలో ఆ మాట పలికేటప్పుడు మనస్సులో ఇదికూడా ఒకసారి తలచుకుంటే తప్పు లేదు.

మళ్ళీ మారిషస్‌కు వద్దాము. సముద్రగర్భం నుంచి లావా ఎగదన్ని, పొర మీద పొరగా గట్టిపడి, బోర్లించిన పెద్ద మూకుడు ఆకారంలో దీవి లేచింది. తరువాత నడిమి భాగం కుంగిపోయింది. అంచుల్లో మిగిలిన ముక్కలే ఇప్పుడు దీవి చుట్టూ కనిపించే కోసు కొండలని చెబుతారు. రాజధాని పోర్ట్ లూయీ వెనుక నిలబడిన ల పూస్, పీటర్ బాత్ శిఖరాలు అటువంటివే. పీటర్ బాత్ నెత్తిన ఒక బండ మనిషి తలలాగా కూర్చుని ఉంటుంది. అన్నిటికంటే ఎత్తైన శిఖరం 828 మీటర్లు. ఆ తరువాత మధ్యమధ్య విరామాలిస్తూ నిప్పు మళ్ళీ రెండుసార్లు విజృంభించి నడిమి పీఠభూమిని తయారుచేసింది. చివరిసారి లావా పొంగి పాతిక, ముప్ఫై వేల ఏళ్ళై ఉంటుంది. క్యూర్‌పీప్ ఊరి దగ్గర గుండ్రని బిలం ఒకటి, గంగాతలావు అని హిందువులు శివరాత్రికి కాలినడకన వెళ్ళే సరస్సు, ఇవి రెండూ చల్లారిన అగ్నిముఖాలే.

నిప్పు పని అయిపోయాక పగడపు పురుగు పని మొదలైంది. దీవి చుట్టూ దాదాపు ఎడతెగకుండా పగడపు దిబ్బ ప్రాకారంలాగా ఉన్నది. అల ఆ ప్రాకారానికి కొట్టుకుని విరిగిపోతే లోపలి నీరు చెరువులాగా నిలకడగా ఉంటుంది. చార్లెస్ డార్విన్ 1836లో తన ఓడ ప్రయాణంలో ఈ దీవిలో ఆగాడు. పగడపు దిబ్బల గురించి అతడు చెప్పిన సిద్ధాంతం చిన్నదే కాని గొప్పది. అగ్నిపర్వతం వయస్సు మళ్ళిన కొద్దీ బరువుకు మెల్లగా కుంగుతుంది. దాని చుట్టూ పగడం మాత్రం వెలుతురు కోసం పైపైకి పెరుగుతూ ఉంటుంది. చివరకు కొండ పూర్తిగా మునిగిపోయి, పగడపు ఉంగరమొక్కటే నీటిపైన మిగులుతుంది. మన కాటుక చుక్కల వరుస చూడండి. రీయూనియన్ శిఖరం 3,070 మీటర్లు. మారిషస్ శిఖరం 828 మీటర్లు. ఇంకా పాతవైన మాల్దీవులలో కొండన్నదే లేదు. సముద్రం మీద మనిషి ఎత్తు నేల, పగడపు ఉంగరాలు, అంతే. ఒకే వంశంలో యువకుణ్ణి, నడివయస్కుణ్ణి, ముసలివాణ్ణి పక్కపక్కన నిలబెట్టినట్లున్నది.

ఇటీవల ఈ కథకు ఒక కొత్త అధ్యాయం చేరింది. జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అష్వాల్, ఆయన సహచరులు 2017లో ఒక సంగతి ప్రకటించారు. మారిషస్ లావా రాతిలో వారికి జిర్కాన్ అనే ఖనిజం గింజలు దొరికాయి. వాటి వయస్సు 250 నుంచి 300 కోట్ల ఏళ్ళు! తొంభై లక్షల ఏళ్ళ దీవిలో మూడు వందల కోట్ల ఏళ్ళ గింజ ఎక్కడినుంచి వచ్చింది? మడగాస్కరు, భారతదేశం కలిసి ఉన్న కాలంలో వాటి నడుమ ఉండి, విడిపోయేటప్పుడు చీలి మునిగిన ఒక పాత ఖండపు తునక ఆ దీవి కింద ఉన్నదనీ, పొంగుతున్న లావా దాన్ని ఒరుసుకుంటూ ఆ గింజలను పైకి తెచ్చిందనీ వారి నిర్ణయం. ఆ తునకకు మారీషియా అని పేరు పెట్టారు. ఆ గింజల ఈడు మన దోమలగూడ బండల ఈడే. చుట్టరికం తేల్చడానికి వయస్సొక్కటే చాలదు గాని, ఈడూ జోడూ కుదిరిందని మాత్రం అనవచ్చు.

ఇంత చరిత్ర గల నేల మీద మనిషి అడుగుపెట్టింది మొన్న మొన్ననే. అరబ్బు నావికులకు ఆ దీవి తెలుసు. 16వ శతాబ్ది మొదట్లో పోర్చుగీసువాళ్ళు చూచి వెళ్ళారు. ఎవ్వరూ నిలవలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేర దానికి నామకరణం చేశారు. 1638లో కాపురం పెట్టారు, 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటారు, నల్లచేవ చెట్లు నరికారు. డోడో అనే పక్షి సంగతి అందరికీ తెలిసినదే. అది పావురాల కుటుంబానికి చెందినది. తరుముకు వచ్చే మృగం లేని దీవిలో ఎగరవలసిన పని లేక రెక్కల సంగతే మరచిపోయి, బాతులా లావెక్కింది. ఓడలతో వచ్చిన మనుషులు, ఎలుకలు, పందులు, కోతులు కలిసి నూరేళ్ళు తిరగకుండానే దాన్ని మాపేశాయి. బతికి ఉన్న పక్షుల్లో దానికి దగ్గర చుట్టం నికోబారు పావురం. అది మన దేశపు దీవుల్లో ఇంకా ఎగురుతున్నది.

డచ్చివాళ్ళు 1710లో విసిగి వెళ్ళిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబుర్దొనే పోర్ట్ లూయీ రేవును తీర్చిదిద్దాడు. 1746లో ఇంగ్లీషువారి చేతినుంచి చెన్నపట్టణం కోటను పట్టుకున్నది ఈయనే. 1810లో ఇంగ్లీషువారు ఆ దీవిని గెలుచుకున్నారు గాని, ఫ్రెంచి చట్టాన్ని, భాషను, మతాన్ని కదపలేదు. అందుకే నేటికీ అక్కడ కచేరీలో ఇంగ్లీషు, పత్రికలో ఫ్రెంచి, ఇంట్లో క్రియోలు. ఆ క్రియోలు ఆఫ్రికా నుంచి, మడగాస్కరు నుంచి బానిసలుగా తెచ్చిన వారి నోట ఫ్రెంచి కొత్త రూపు దాల్చగా పుట్టిన భాష.

1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోట యజమానులకు కూలీలు కావాలి. అప్పుడు వారి కన్ను మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అప్పటినుంచి 20వ శతాబ్ది మొదటి పాదం దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది వెనక్కు రాలేదు.

ఇందులో మన తెలుగువాళ్ళు ఎలా చేరారు? తెలుగునాట 1832–33 నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గురించి మీరు విని ఉంటారు. డొక్కల కరువన్నారు దాన్ని. ఎముకలే మిగిలాయి గనుక ఆ పేరు. గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు పాడుపడ్డాయి. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి ఇంకా కట్టలేదు. గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీరు లేదు. మర మగ్గాల బట్ట వచ్చిపడి నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. దానికి తోడు 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఊడ్చిపెట్టింది. ఇటువంటి కాలంలో మేస్త్రీ ఒకడు వచ్చి, "అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, తిండి, బట్ట" అంటే, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్లే గదా! 1830లలోను, 1840లలోను కోరంగి నుంచి, విశాఖ నుంచి, తరువాత మద్రాసు నుంచి గంజాము, విశాఖ, గోదావరి సీమల వాళ్ళు ఓడలెక్కారు.

అక్కడి రాళ్ళ కింద బంగారం ఉంటుందని, రాయి ఎత్తితే చాలునని ఆశ పెట్టి తీసుకువెళ్ళారని ఆ దీవిలో ఒక కథ తరతరాలుగా చెప్పుకొంటారు. రాళ్ళయితే నిజంగానే ఉన్నాయి. చెరకు నాటాలంటే ముందు నేలంతా పరచుకున్న లావా బండలు ఏరాలి. మనవాళ్ళు వాటిని చేతులతో ఎత్తి, మోసి, పొలాల మధ్య గుట్టలుగా పేర్చారు. ఆ నల్లని గుట్టలు నేటికీ చెరకు తోటల నడుమ గోపురాల్లాగా నిలబడి ఉన్నాయి. ఎవరి పేరూ చెక్కి లేని కట్టడాలవి. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒంట్లో బాగాలేదన్నా విన్న దిక్కు ఉండేది కాదు. 1871లో తొమ్మిది వేలమందికి పైగా పాత కూలీలు తమ కష్టాలు విన్నవిస్తూ అర్జీ పెట్టుకున్నాక గాని లండను నుంచి విచారణ సంఘం రాలేదు.

కడియం దగ్గర లావా రాయి మీద నడిచిన పాదాలు అంత దూరం వెళ్ళి మళ్ళీ ఆ దీపం పెట్టిన రాయి మీదనే నడిచాయి. పాపం, ఆ సంగతి వారికి తెలిసే వీలు లేదు. తెలిసినా ఆకలికి ఆ చుట్టరికం ఏం చేస్తుంది?

ఓడలో వారు తీసుకువెళ్ళగలిగిందేమిటి? చెంబు, దుప్పటి, నోట ఉన్న నాలుగు పాటలు, దేవుడు. మారిషస్ తెలుగువారి ఇళ్ళలో నేటికీ సింహాద్రి అప్పన్న పూజ జరుగుతుంది. వాళ్ళ పూర్వులు ఏ సీమవారో చెప్పడానికి వేరే దస్తావేజు అక్కరలేదు. అమ్మోరు పండుగ చేస్తారు. రాత్రి తెల్లవార్లూ దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఆంధ్రమహాసభ పెట్టుకున్నారు. బడుల్లో పిల్లలకు తెలుగు పాఠం ఉన్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

మరి తెలుగు? నిజం చెప్పుకోవాలి. ఇంట్లో అమ్మ బిడ్డను పిలిచేది క్రియోలులోనే. తెలుగు పూజలో ఉన్నది, పాటలో ఉన్నది, బడిలో పరీక్షకు ఉన్నది. పేర్లు ఉన్నాయి గాని, వాటి రూపం మారింది. రేవులో గుమాస్తా కూలీ నోట విన్న ఒక్క పేరు తనకు తోచిన అక్షరాల్లో రాసుకున్నాడు. అప్పడు, సన్యాసి వంటి ఆ ఒక్క పేరే తరువాతి తరాలకు ఇంటిపేరై కూర్చుంది. అసలు ఇంటిపేరు సముద్రంలో కలిసింది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ నాటి కూలీల పట్టీలు భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. ముత్తాత తండ్రి ఏ ఊరివాడో వెతుక్కునేవారు అక్కడికి వెళతారు. పేరు, వయస్సు, ఓడ, జిల్లా దొరుకుతాయి. ఊరి పేరు ఒక్కొక్కప్పుడు గుర్తుపట్టరానంతగా విరిగి ఉంటుంది. వారు దిగిన రేవుమెట్లు, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందాయి.

మహాత్ముడు 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ అక్కడ కొద్ది రోజులు ఆగి, పిల్లలను చదివించండి, రాజకీయాలు పట్టించుకోండి అని చెప్పి వచ్చాడు. వారు ఆ మాట మరువలేదు. 1968లో స్వతంత్రులైనప్పుడు దండి యాత్ర మొదలైన మార్చి 12నే తమ స్వాతంత్ర్య దినంగా ఎంచుకున్నారు. 1992లో అదే తేదీన రిపబ్లిక్కు అయ్యారు. కూలీల మునిమనుమలు మంత్రులయ్యారు. చెరకు ఒక్కదాన్నే నమ్ముకోక బట్టల మిల్లులు, యాత్రికుల హోటళ్ళు, బ్యాంకులు పెట్టి తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు.

ఐనా దీవికి దీవి కష్టాలు తప్పవు. 2020 జూలైలో ఒక పెద్ద ఓడ ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బకు కొట్టుకుని, కొద్దిరోజుల్లో వెయ్యి టన్నుల దాకా నూనె సముద్రంలోకి చిమ్మింది. అప్పుడు ఊరూరా జనం పరుగెత్తుకు వచ్చి, గోతాల్లో ఎండు చెరకాకు కూరి, పొడుగాటి దిండ్లుగా కుట్టి, ఆ నూనెకు అడ్డం వేశారు. తాతలను బానిసల్లా చాకిరీ చేయించిన చెరకే మనుమల చేతిలో నేలను కాపాడే ఆయుధమైంది. అది ఒక ప్రమాదం, గడిచిపోయింది. నెమ్మదిగా వచ్చే ప్రమాదం వేరే ఉన్నది. సముద్రం వేడెక్కుతున్నది, మట్టం పెరుగుతున్నది. వేడికి పగడం తెల్లబడి చచ్చిపోతున్నది. పగడం పెరుగుతున్నంత కాలం దీవికి ప్రాకారం ఉంటుంది. అది ఆగిపోయిన నాడు అల నేరుగా వాకిట్లోకి వస్తుంది.

తెలుగు వాచకం చెప్పుకొనేవాణ్ణి గనుక పగడాన్ని చూస్తే నాకు భాష గుర్తుకు వస్తుంది. పగడపు దిబ్బలో ప్రాణముండేది పై పొరలోనే. కింద ఉన్నదంతా వెనుకటి తరాలు విడిచిపోయిన గుల్ల. కింద ఎంత మందం ఉన్నా, పైన ఈ తరం పురుగు తన వంతు కట్టకపోతే దిబ్బ నిలవదు. మనకు వెయ్యేళ్ళ సాహిత్యమున్నదని సభల్లో చెప్పుకొంటాము. అది కింది పొర. చిక్కడపల్లిలో, నారాయణగూడలో మన ఇళ్ళల్లో పిల్లలు ఆకలైతే ఏ భాషలో అంటున్నారన్నదే పై పొర. మారిషస్‌లో మనవాళ్ళకు భాష జారిపోయిందంటే నూట ఎనభై ఏళ్ళ దూరం, సముద్రం, చెరకు తోటలోని చాకిరీ, ఇన్ని కారణాలు ఉన్నాయి. మనకు ఏ కారణమున్నది?

అక్కడి తెలుగు బిడ్డలు కొందరు చదువుకో, యాత్రకో మన ఊళ్ళకు వస్తుంటారు. నేర్చుకున్న తెలుగు మాట ఒక్కొక్కటి తడుముకుంటూ, ఫ్రెంచి యాసతో పలుకుతారు. ఎప్పుడైనా అటువంటివారు తారసపడితే నవ్వకండి. మర్యాద కోసమని చటుక్కున ఇంగ్లీషులోకి దిగనూ వద్దు. నిదానంగా, తేట తెలుగులో జవాబు చెప్పండి. కోరంగిలో ఓడ ఎక్కిన మనిషి మనుమడికి సొంత ఊరు నుంచి అందవలసిన ఉత్తరం అది. చాలా ఆలస్యమైంది.